ఏబీఐ 1.34, ‘నార్మల్’ అన్నారు. మరి కాలి పుండు ఎందుకు మానడం లేదు?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 67 ఏళ్ళు, షుగరు వచ్చి 18 ఏళ్ళు. నెల్లూరు నుంచి వచ్చి చెన్నై వేళచ్చేరిలో మీ దగ్గర ఉంటున్నారు. ఎడమ కాలి చిటికెన వేలి పక్కన చెప్పు ఒరుసుకుని పుండు పడింది, ఆరు వారాలైనా మానలేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పట్టీలు చుట్టి మెషిన్‌తో ఏబీఐ (యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్, కాలి బీపీకీ చేతి బీపీకీ ఉన్న నిష్పత్తి) తీస్తే కుడివైపు 1.12, ఎడమవైపు 1.34 వచ్చింది. రిపోర్టులో ‘రక్తప్రసరణ నార్మల్’ అని రాసిచ్చారు. ఆ అంకెను నమ్మొచ్చా, ఇంట్లో ఉన్న బీపీ మెషిన్‌ను కాలికి కట్టి మనమే సరిచూసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టరును కాను. చెన్నైలో రక్తనాళాల ల్యాబులో టెక్నీషియన్‌గా 22 ఏళ్ళు ఇదే పరీక్ష చేశాను. మందులూ ఆపరేషన్లూ నా పరిధి కాదు. ఆ అంకె ఎలా పుడుతుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది అన్నది మాత్రం చెప్పగలను.

ముందు జవాబు. మీ నాన్నగారి విషయంలో 1.34ను నమ్మి ఊరుకోకండి. అదే 0.6 వచ్చి ఉంటే నమ్మమనే చెప్పేవాణ్ణి. ఒకే పరీక్ష, ఒకవైపు గట్టి సాక్ష్యం, ఇంకోవైపు మెత్తటి సాక్ష్యం. అదెలాగో చూద్దాం.

ఏబీఐ అంటే పెద్ద లెక్కేమీ కాదు. చీలమండ దగ్గర కొలిచిన పై బీపీని చేతి దగ్గర కొలిచిన పై బీపీతో భాగిస్తే వచ్చేదే. కింది బీపీతో ఇక్కడ పని లేదు. 1950లో విన్సర్ అనే అమెరికన్ డాక్టరు కాలి ధమనుల జబ్బున్నవాళ్ళలో ఈ తేడాను రాసిపెట్టాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి కొలిస్తే చీలమండ దగ్గర పై బీపీ చేతిలోకన్నా 10, 15 ఎక్కువే ఉంటుంది. అందుకే 1.00 నుంచి 1.40 దాకా మామూలు అంటారు. 0.91 నుంచి 0.99 వరకు అంచు మీద ఉన్నట్టు. 0.90, అంతకన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టు. 1.40 దాటితే నాళం పట్టీకి నొక్కుకోవడం లేదని అర్థం, అంటే ఆ కొలత పనికిరాదు.

తొడలోనో మోకాలి వెనకో నాళం సన్నబడితే దాని కింద ఒత్తిడి పడిపోతుంది. సరిగ్గా పడుకోబెట్టి, సరైన పట్టీతో కొలిచినప్పుడు కూడా అంకె తగ్గిందంటే దానికి వేరే కారణాలు పెద్దగా ఉండవు. కాబట్టి తక్కువ అంకె అబద్ధం చెప్పడం అరుదు. ఏబీఐని ఆంజియోగ్రామ్ (నాళంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) లాంటి పరీక్షలతో పోల్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2010లో ఒక సమీక్ష వచ్చింది. నాళం సగానికి పైగా మూసుకుపోవడాన్ని జబ్బుగా లెక్కేసుకుంటే, జబ్బు లేని వందమందిలో 83 నుంచి 99 మందిని ఏబీఐ సరిగ్గానే వదిలేసింది. జబ్బున్న వందమందిలో మాత్రం కొన్ని అధ్యయనాల్లో 79 మంది దాకా దొరికారు, ఒకదాంట్లో 15 మందే దొరికారు. 79 ఎక్కడ, 15 ఎక్కడ! అంత తేడా పరీక్ష చేసినవాళ్ళ చేతిలో లేదు, చేయించుకున్నవాళ్ళ నాళాల్లో ఉంది. వయసు మీదపడినవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలోనే ఎక్కువ తప్పిపోయాయి. మీ నాన్నగారు ఈ రెండు లెక్కల్లోకీ వస్తారు.

అసలు చిక్కు పట్టీలో ఉంది. పట్టీ రక్తం ఒత్తిడిని నేరుగా కొలవదు. నాళాన్ని బయటినుంచి నొక్కి మూసేయడానికి ఎంత బలం కావాలో చూస్తుంది, దాన్నే మనం బీపీ అనుకుంటాం. నాళం గోడ మెత్తగా ఉన్నంతకాలం రెండూ ఒకటే. తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని తొక్కితే నీళ్ళు ఆగుతాయి. ఇనప పైపును తొక్కి చూడండి, లోపల నీళ్ళు బొట్లు బొట్లుగా వస్తున్నా కాలికి తెలిసేది పైపు గట్టిదనమే. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ళలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో మోకాలి కింది నాళాల నడిమి పొరలో కాల్షియం పేరుకుని గోడ బిగుసుకుపోతుంది. మోంకెబర్గ్ అనే జర్మన్ డాక్టరు 1903లోనే దీన్ని వర్ణించాడు. కాలి ఎక్స్‌రేలో ఒక్కోసారి ఈ నాళాలు రెండు తెల్లటి రైలు పట్టాల్లా కనబడతాయి. మీ నాన్నగారి పాదానికి ఇప్పటికే ఎక్స్‌రే తీసి ఉంటే ఆ గీతలు ఉన్నాయేమో చూడమని డాక్టరును అడగండి. దానికి అదనంగా పైసా ఖర్చు కాదు.

అంకె 1.40 దాటితే ఎవరైనా ఉలిక్కిపడి తరువాతి పరీక్షకు పంపుతారు. 1.5, 1.6 వచ్చినవాళ్ళ గురించి నాకు భయం లేదు. బిగుసుకుపోయిన నాళమే లోపల సన్నబడి కూడా ఉంటే ఏమవుతుంది? అసలు 0.6 ఉండాల్సింది గోడ గట్టిదనం వల్ల పైకి జరిగి 1.1 దగ్గరో 1.2 దగ్గరో ఆగుతుంది. రెండు తప్పులు కలిసి ఒక చక్కటి నార్మల్ తయారవుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి ఎడమవైపు 1.34నే కాదు, కుడివైపు 1.12ను కూడా నేను క్లీన్‌చిట్‌గా తీసుకోను. పైగా పుండున్న కాలికే అంకె ఎక్కువ రావడం నాకు నచ్చలేదు. షుగరు పాదాల మీద అంతర్జాతీయ బృందం ఇచ్చే మార్గదర్శకాల్లో పై హద్దును 1.3 దగ్గరే ఆపుతారు. ఆ లెక్కన 1.34 ఇప్పటికే గీత దాటింది.

నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు పెరంబూరు నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఆయన వచ్చారు, తెలుగాయనే. డయాలిసిస్ మీద ఉన్నారు. ఏబీఐ 1.18. చక్కగా రాసిచ్చాను, ఆయనా సంతోషంగా వెళ్ళారు. మూడు వారాల తరువాత బొటనవేలు నల్లబడి మళ్ళీ వచ్చారు. ఈసారి మా సీనియర్ దగ్గరుండి వేలి ప్రెషర్ తీయించారు. 28. అంటే చాలా తక్కువ. అప్పుడు మా సీనియర్ నన్ను తిట్టలేదు. నేను రాసిన రిపోర్టు తీసి, ‘డయాలిసిస్’ అన్న మాట చుట్టూ పెన్నుతో ఒక సున్నా చుట్టి నా చేతిలో పెట్టారు. ఆ తరువాత ఏ రిపోర్టు రాసినా అంకె కన్నా ముందు షుగరు ఎన్నేళ్ళు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అని రాసుకోవడం నాకు అలవాటైంది.

మీరు అడగాల్సిన పరీక్ష ఆ వేలి ప్రెషరే. ల్యాబుల్లో ‘టో ప్రెషర్’ అనో ‘టీబీఐ’ అనో అంటారు. బొటనవేలికి చిన్న పట్టీ చుట్టి, వేలి చివర వెలుగుతో పనిచేసే సెన్సర్ అంటిస్తారు. చీలమండ దగ్గరి నాళాలు బిగుసుకుపోయినా వేళ్ళలోని సన్న నాళాలు చాలావరకు మెత్తగానే ఉంటాయి, అందుకే ఇది ఎక్కువ నమ్మకం. వేలి ప్రెషర్‌ను చేతి ప్రెషర్‌తో భాగిస్తే 0.70 పైన ఉండాలి. విడిగా వేలి ప్రెషర్ 30 కన్నా తక్కువైతే పుండు తనంతట తాను మానడం కష్టం, వాస్కులర్ సర్జన్ వెంటనే చూడాలి. దీనికీ ఒక బలహీనత ఉంది. చలికి వేళ్ళ నాళాలు ముడుచుకుంటాయి. మన చెన్నైలో బయట 38 డిగ్రీలు, ల్యాబులో ఏసీ 19కి పెట్టి ఉంటుంది. పాదం చల్లగా ఉండగా కొలిస్తే అంకె అన్యాయంగా తగ్గుతుంది. దుప్పటి కప్పి పాదాన్ని కాసేపు వెచ్చబడనివ్వమని మొహమాటపడకుండా అడగండి.

వేలి పట్టీ లేని ల్యాబులు కూడా ఉన్నాయి. అలాంటిచోట మేం చేసే పాత పద్ధతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. పేషెంటును పడుకోబెట్టి పాదం మీద డాప్లర్ పెన్ను (నాళంలో రక్తం కదలికను శబ్దంగా వినిపించే చిన్న పరికరం) ఆనించి శబ్దం వింటూ కాలిని మెల్లగా పైకెత్తుతాం. ఏ ఎత్తులో ఆ ‘హుష్షు హుష్షు’ ఆగిపోతుందో కొలబద్దతో చూస్తాం. రక్తాన్ని 13 సెంటీమీటర్లు పైకి ఎక్కించడానికి బీపీ లెక్కలో 10 మిల్లీమీటర్ల (పాదరసం) ఒత్తిడి కావాలి. 50 సెంటీమీటర్ల దగ్గర శబ్దం ఆగిందంటే అక్కడి ప్రెషర్ దాదాపు 38. ఇక్కడ పట్టీ లేదు, నొక్కడం లేదు. కాబట్టి గోడ గట్టిదనం మనల్ని మోసం చేయలేదు. కాలిని ఎత్తగలిగినంతవరకే పనికొస్తుంది కనుక తక్కువ ప్రెషర్లే తెలుస్తాయి. మనకు భయం ఉన్నదీ వాటి గురించే కదా.

అంకెకన్నా శబ్దం ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. ఆరోగ్యంగా ఉన్న నాళంలో ఒక్కో గుండె కొట్టుకోవడానికి మూడు దశల శబ్దం వస్తుంది. ముందుకో ఊపు, వెనక్కి ఓ చిన్న తగ్గు, మళ్ళీ ముందుకో మెల్లని జారుడు. పైన ఎక్కడో అడ్డం ఉంటే అదంతా పోయి, మట్టసంగా ఒకే ఊదుడు మిగులుతుంది. కాగితం మీద గీసినా ఆ తేడా కనబడుతుంది. ఏబీఐ 1.2 ఉండి తరంగం చదునుగా ఉంటే నేను తరంగాన్నే నమ్ముతాను. చెకప్ ప్యాకేజీల్లోని నాలుగు పట్టీల మెషిన్లు నిమిషాల్లో పని ముగిస్తాయి, కానీ ఈ డాప్లర్ శబ్దాన్ని అవి వినవు. కొన్ని ఒక గ్రాఫు ముద్రిస్తాయి. అది పట్టీలోని గాలి ఊగడం గీసిన గ్రాఫు, డాప్లర్ తరంగం కాదు. రెండూ ఒకటే అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

పరీక్ష చేసే తీరులో జరిగే పొరపాట్ల సంగతి. అన్నిటికన్నా ఎక్కువగా చూసింది చేతి లెక్కలో తప్పు. ఒకాయనకు కుడిచేతిలో 150, ఎడమచేతిలో 128 వచ్చిందనుకోండి. చీలమండ దగ్గర 138. హడావిడిలో ఎడమచేయి ఒక్కటే కొలిచి భాగిస్తే 1.08, బ్రహ్మాండంగా ఉంది. రెండు చేతులూ కొలిచి ఎక్కువదాన్ని తీసుకుంటే 0.92, అంచు మీద ఉంది. ఎక్కువదాన్నే తీసుకోవాలి. రెండు చేతుల మధ్య 15, 20 తేడా ఉంటే తక్కువ ఉన్న చేతికి వెళ్ళే నాళంలోనే అడ్డం ఉండొచ్చు, దాన్ని కూడా డాక్టరుకు చెప్పాలి.

పాదంలోనూ రెండు నాళాలు కొలుస్తాం, పాదం మీదది ఒకటి, లోపలి చీలమండ వెనకది ఒకటి. మామూలుగా రెంటిలో ఎక్కువదాన్నే లెక్కలో వేస్తారు. జబ్బు లేనివాళ్ళకు ఉందనే పొరపాటు దానివల్ల తగ్గుతుంది. కానీ ఒకటి 138, రెండోది 96 ఉన్నప్పుడు ఎక్కువదే వేసి రెండోదాన్ని దాచేస్తే పుండున్నవాడికి అన్యాయం జరుగుతుంది. మడమ మీద పుండుంటే చీలమండ వెనక నాళం ఎలా ఉందన్నదే ముఖ్యం. అందుకే తుది నిష్పత్తి ఒక్కటే కాకుండా విడివిడి అంకెలన్నీ రిపోర్టులో రాయమని అడగండి.

కూర్చోబెట్టి తీయడం ఇంకో తప్పు. గుండెకన్నా చీలమండ ఎంత కింద ఉంటే అంత రక్తస్తంభం బరువు కలుస్తుంది. కుర్చీలో 80 సెంటీమీటర్లు కిందుంటే 60కి పైగా కలిసిపోతుంది, జబ్బుపడిన కాలు కూడా దర్జాగా కనిపిస్తుంది. పడుకుని కనీసం 5 నుంచి 10 నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాకే కొలవాలి. పట్టీ వెడల్పు కాలి చుట్టుకొలతలో 40 శాతమైనా ఉండాలి, ఇరుకు పట్టీ కడితే అంకె పెరుగుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఈసారికీ ఆసారికీ కొంచెం తేడా వస్తుంది. 0.15 దాటితేనే మారిందని అంటాం, 0.95 కాస్తా 0.90 అయిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక మీ ఇంటి మెషిన్. కట్టి చూడటం వల్ల ప్రమాదం పెద్దగా లేదు, కాని పుండు మీదుగా కట్టకండి, పిక్క వాచి నొప్పిగా ఉంటే అసలు కట్టకండి. ఆ వాపు సిరలో గడ్డకట్టిన రక్తం వల్ల కావచ్చు. ఇంతకీ ఉపయోగం ఉందా అంటే, మీ నాన్నగారికి లేదు. ఈ మెషిన్లు నాళం కంపనాలను పట్టి, చేతికోసం రాసిన లెక్కతో బీపీని ఊహిస్తాయి. కాలిలో ప్రెషర్ బాగా తగ్గినప్పుడు ఎక్కువ చూపించడమో, ఎర్రర్ చూపి ఆగిపోవడమో చేస్తాయి. అంటే అంకె అవసరమైనప్పుడే చేతులెత్తేస్తాయి. చేతికి బాగా పనిచేస్తున్న మెషిన్ కాలికి కట్టినప్పుడల్లా ఎర్రర్ ఇస్తుంటే మాత్రం బ్యాటరీని తిట్టుకోకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, అది కూడా ఒక సూచనే.

“ఆయనకు నడిస్తే నొప్పి లేదండీ, రక్తం ఆడుతున్నట్టేగా” అని కూడా రాశారు. షుగరు నరాలను మొద్దుబారుస్తుంది. ఇక్కడివాళ్ళు తమిళంలో ‘మరత్తుప్పోచ్చు’ అంటూ వస్తారు. నొప్పి తెలిసే నరమే పనిచేయనప్పుడు నొప్పి లేకపోవడం దేనికీ రుజువు కాదు. రెండో వైపు, నడిస్తే పిక్కలు పట్టేసే ప్రతివాడికీ నాళాల జబ్బు ఉండదు. నిలబడితే చాలు రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే నాళం మీద అనుమానం. కూర్చుంటేనో ముందుకు వంగితేనో తప్ప తగ్గకపోతే నడుములో వెన్నుపూసల మీద అనుమానం. కొందరికి పడుకున్నప్పుడు ఏబీఐ బాగుండి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి మళ్ళీ కొలిస్తే 20 శాతానికి పైగా పడిపోతుంది. పుండున్న కాలితో మీ నాన్నగారిని నడిపించే పరీక్ష ఇప్పుడు వద్దు. మైలాపూరు నాగేశ్వరరావు పార్కులో నడిచే పెద్దవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి పిక్కలకు అమృతాంజనం రాసుకుని అప్పుడు మా దగ్గరికొచ్చేవారు. ఆ పార్కు పేరు అమృతాంజనం పెట్టిన మన నాగేశ్వరరావు పంతులుగారిదే, అది వేరే సంగతి.

ఈ ఊళ్ళోనే చేసిన ఒక సర్వే గుర్తొస్తోంది. చెన్నై అర్బన్ పాపులేషన్ స్టడీ ఫలితాలు 2000లో వచ్చాయి. మొత్తం మీద 3.2 శాతం మందిలో, షుగరున్నవాళ్ళలో 6.3 శాతం మందిలో కాళ్ళ నాళాల జబ్బు కనబడింది. ఆ సర్వేలో కొలబద్ద ఏబీఐయే. నాళాలు బిగుసుకుపోయినవాళ్ళు ఎందరు ఆ జల్లెడలోంచి జారిపోయి ఉంటారో అనిపిస్తుంది నాకు. 6.3ను నేను కింది అంచుగానే చూస్తాను.

ఏబీఐ పనికిరానిదని మాత్రం అనుకోకండి. పొగతాగే, షుగరు లేని 60 ఏళ్ళ మనిషికి పిక్క నొప్పి వస్తే మొదట చేయాల్సింది అదే. తక్కువ వస్తే ఆ మనిషి గుండె గురించి కూడా జాగ్రత్తపడాలి. 0.90 లోపు ఉన్నవాళ్ళలో పదేళ్ళ లోపు చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపని పెద్ద అధ్యయనాలను కలిపి 2008లో తేల్చారు.

మీరు చేయాల్సింది ఈ వారంలోనే చేయండి. వాస్కులర్ సర్జన్‌నో, షుగరు పాదాలు చూసే క్లినిక్‌నో కలవండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ రక్తనాళాల విభాగం ఉంది. వేలి ప్రెషర్, డాప్లర్ తరంగాల ప్రింటు అడగండి. అవసరమైతే వాళ్ళే కలర్ డాప్లర్ స్కాన్, ఆ తరువాత ఆంజియోగ్రామ్ రాస్తారు. ఆంజియోగ్రామ్ మందు కిడ్నీలను ఇబ్బంది పెట్టొచ్చు కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. అది తేలేదాకా వాపు తగ్గుతుందని బిగుతు సాక్సులు తొడగకండి, వేడినీళ్ళ కాపడం పెట్టకండి. పుండు చుట్టూ నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా, పాదం ఒక్కసారిగా చల్లబడి తెల్లబోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

పరీక్ష రోజు ఉదయం కాఫీ, సిగరెట్టు రెండూ వద్దనండి. ప్యాంటు కాకుండా పంచె కట్టుకుని రమ్మనండి. ప్యాంటును మోకాలి పైకి మడిస్తే తొడ దగ్గర తాడు బిగించినట్టు బిగుసుకుంటుంది, అది అలా బిగుసుకుని ఉండగానే కింద మేం పట్టీ కట్టి కొలవాలి.